చంద్రమ్మ మాట ఎటు పోయింది

కోదాడలో వీడియోలు తీసేవాళ్లకు కొదవ లేదు. బోర్డూ స్టూడియో లేకుండా, ఒక భుజాన కెమెరా సంచీ, ఇంకో భుజాన స్టాండూ తగిలించుకుని ఆర్టీసీ బస్సెక్కి పనికి పోయే మనిషి మాత్రం కృపారాణి ఒక్కతే. ఎవరైనా అడిగితే "నాది సొంత పని" అంటుంది. ఇల్లు కిరాయిది. లాప్‌టాప్ ఆడపడుచు చదువు అయిపోయాక ఇంట్లో మిగిలిపోయింది. కెమెరా ఒక్కటే నిజంగా ఆమె సొంతం, అదీ సూర్యాపేటలో పెళ్లిళ్లు తీసి తీసి విసుగెత్తిన ఒకాయన వదిలించుకున్నది.

ఆమె పుట్టింది మునగాలలో. డిగ్రీ చదివే రోజుల్లో కోదాడలో ఒక ఫొటో స్టూడియోలో కుదిరింది. పెళ్లికూతుళ్ల ముఖాలను కంప్యూటర్లో తెల్లగా చేయడం అక్కడ ఆమె పని. ఒకసారి ఒక పెళ్లికూతురి తల్లి వచ్చి, ఆల్బమ్ అంతా తిరగేసి, "ఇందులో మా పిల్ల ఏదమ్మా?" అని అడిగిందట. ఆ రోజుతో కృపారాణికి ఆ పని మీద మనసు విరిగిపోయింది. నేనే మానేశానని ఆమె అంటుంది, నేనే మాన్పించానని ఓనరు అంటాడు. మనకెందుకు, మొత్తానికి బయటపడింది.

తర్వాత చర్చి మీటింగులు, ఓణీల ఫంక్షన్లు, రిటైరయ్యే టీచర్ల సన్మానాలు, హాలియా వైపు ఒక రైతు నారు ఎలా పెంచాడో చూపించే వీడియో, ఏది వస్తే అది తీసింది. మిగతా వీడియోవాళ్లు కలిసినప్పుడల్లా లెన్సుల గురించి, డ్రోన్ల గురించి మాట్లాడుకునేవారు. ఆమె మైకు గురించి మాట్లాడేది. "బొమ్మ జర మసకగా ఉన్నా జనం సర్దుకుంటారన్నా. మాట వినపడకపోతే మాత్రం ఫోను మూసి పక్కన పెడతారు" అనేది. కృపారాణి తీస్తే మాట స్పష్టంగా ఉంటుందని మునగాల నుంచి త్రిపురారం దాకా పేరు వచ్చింది. అలాంటి మనిషి తీసిన వీడియోలో మాటే మాయమైందంటే ఆమెకు ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే అందులో పోబోయింది ఆమె పేరొక్కటే కాదు.

చంద్రమ్మది కూడా మునగాలే. నాట్లకూ కలుపుకూ కూలికి పోయే మనిషి. కృపారాణి తల్లితో కలిసి అదే మడిలో వంగి నాట్లు వేసింది కాబట్టి కృపారాణికి అత్త అయింది. చంద్రమ్మకు ఒక అక్క ఉంది. పేరు సరోజన, మిర్యాలగూడలో కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. ఈ అక్కాచెల్లెళ్లు ఒకరి గడప ఒకరు తొక్కక ఏళ్లు గడిచిపోయాయి.

మొదటి తగాదా చాలా చిన్నది. ఒక పెళ్లిలో సరోజన పెట్టిన చీరను చంద్రమ్మ కట్టుకోకుండా ఇంకెవరికో ఇచ్చేసింది. సరోజన నాలుగు మాటలంది, చంద్రమ్మ ఎనిమిది అంది. ఇలాంటివి ఏ ఇంట్లో లేవు? కానీ ఆ అలక తీరకముందే, చంద్రమ్మ దగ్గర ఉంటున్న తల్లికి జబ్బు చేసింది. సూర్యాపేటలో దవాఖానలో చేర్చారు. అక్కకు కబురు చెయ్యాలి. చంద్రమ్మ చెయ్యలేదు. రేపు చేద్దాం, మాపు చేద్దాం, అదే దిగి వచ్చి అడగనీ అనుకుంటూ ఉండగానే తల్లి కన్నుమూసింది. ఎవరి నోటనో తెలిసి సరోజన పరుగెత్తుకొచ్చేసరికి సమాధి మీద మట్టి కప్పేశారు. కడసారి చూపు కూడా దక్కలేదు. చుట్టాలంతా అక్కడే ఉన్నారు. అక్కకు కబురు పంపలేదా అని ఎవరో అడిగారు. "పంపిన. రాలే" అంది చంద్రమ్మ.

ఆ రెండు ముక్కలతో సరోజన తల్లి చావుకు రాని బిడ్డ అయిపోయింది. నాకు కబురే రాలేదని ఎంత మొత్తుకున్నా నమ్మినవాళ్లు లేరు. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు లేచి ఇంకో కుర్చీ చూసుకునేవారు. చివరికి ఆమె చుట్టాల ఇళ్లకు పోవడమే మానుకుంది. చంద్రమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక మనిషి ముఖం మీద అంత నల్లటి మాట పూసి, అన్నేళ్లు అన్నం ఎలా తిన్నదో.

ఇప్పుడు సరోజన తుంటి విరిగి మంచం పట్టింది. ఆ సంగతి తెలిశాక చంద్రమ్మకు కాలు నిలవలేదు. తప్పు ఒప్పుకుంటాను, ఒక్కసారి రానివ్వమని కబురు పెట్టింది. సరోజన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "నన్ను పదిమందిల అన్నది. పదిమందిలనే చెప్పాలె. నా మంచం కాడ కూసోని ఏడిస్తే లెక్కలకు రాదు."

వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడం అని ఒకటుంది. ఎవరైనా లేచి, తమకు జరిగిన మేలో, తాము చేసిన తప్పో సంఘం ముందు చెప్పుకుంటారు. చంద్రమ్మ అక్కడ చెప్పాలని నిర్ణయించుకుంది. దాన్ని వీడియో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టమని కృపారాణిని పిలిచింది. "నా మొకం ఎట్లొచ్చినా మంచిదే బిడ్డా. మాట ఒక్కటి సాఫ్‌గ ఇనవడాలె" అంది. అది కృపారాణికి నచ్చే కోరిక.

ఆ ఆదివారం పాస్టరు గారి ప్రసంగం దాకా అంతా సవ్యంగానే జరిగింది. సాక్ష్యాల వేళకు కృపారాణి వైర్‌లెస్ మైకు చార్జింగు అయిపోయింది. సౌండు సెట్టు పెట్టిన చందు అది చూశాడు. "అక్కా, నా మిక్సర్లకెళ్లి వైరు గుంజుకో. మైకుల మాట్లాడిందంతా సక్కగ నీ కెమెరాలకే వస్తది" అన్నాడు. ఆమె సంచిలో సూర్యాపేటలో కొన్న కొత్త వైరు ఉంది. ఒక కొస మైకుల శబ్దాలన్నీ కలిపే ఆ మిక్సర్లో పట్టింది, రెండో కొస కెమెరాలో పట్టింది. రెండూ పట్టాక ఇంకేం అనుమానం? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే మాట వస్తోంది. ఎందుకో మనిషి ఎదురుగా కాక తల వెనక నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంది. రేకుల కప్పు కదా, అందుకే అయి ఉంటుందిలే అనుకుంది.

చంద్రమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది. "మా అమ్మ సావుబతుకుల్ల ఉన్నప్పుడు మా అక్క సరోజనకు నేను కబురు పంపలే. పంపిన అని అందరి ముందట అబద్ధం జెప్పిన. అక్క తప్పు ఏం లేదు. తప్పంతా నాది" అని ఏడ్చింది. సంఘమంతా "స్తోత్రం" అంది. ఆ జనాన్నీ, వాళ్ల శబ్దాన్నీ పక్కన స్టాండు మీద పెట్టిన కృపారాణి ఫోను రికార్డు చేసింది.

కోదాడలో కృపారాణి ఇంటి గోడ పక్కనే పిండి గిర్ని. అది తిరుగుతుంటే ఎదుటి మనిషి మాట కూడా వినపడదు, అందుకని ఆమె ఏ పనైనా హెడ్‌ఫోన్స్‌లో వింటూనే చేస్తుంది. చంద్రమ్మ మాటల కింద మెల్లగా కీబోర్డు వాయింపు పెట్టింది. జనం స్తోత్రం అన్నచోట ఫోను శబ్దం కలిపింది. మొదటి నుంచి చివరిదాకా విని, కళ్లు తుడుచుకుని, గ్రూపులో పెట్టింది.

కాసేపటికి చంద్రమ్మ ఫోను చేసింది. "బిడ్డా, నా మాట ఏది?"

"అదేంది అత్తా, ఉందిగా."

"యాడుంది? పెదవులు ఆడుతున్నయి. కీబోర్డు మోగుతంది. స్తోత్రం గూడ ఇనవడ్తంది. నా మాట లేదు."

కృపారాణి మళ్లీ విన్నది. మాట ఉంది. చంద్రమ్మ ఫోను పాతది, దాని గొంతు పోయి ఉంటుందనుకుంది. పక్కింటివాళ్ల ఫోన్లో చూడమంది. అందులోనూ లేదట. వీడియో మళ్లీ పంపింది. మళ్లీ లేదట. ఇదేంటని భర్త నాని ఫోను లాక్కుని, గిర్ని ఆగేదాకా ఓపిక పట్టి చూసింది. చంద్రమ్మ నోరు కదులుతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, వెనక కీబోర్డు హాయిగా మోగుతోంది. మాట లేదు. అదే ఫోనుకు హెడ్‌ఫోన్స్ తగిలించింది. మాట ఉంది. పీకేసింది. లేదు. తగిలించింది. ఉంది. నాని అది చూసి, "నువ్వు దానికాడ కూర్చుని కూర్చుని నీ చెవులకేమో అయినట్టుంది, జర లేచి అన్నం తిను" అన్నాడు. అతనికీ హెడ్‌ఫోన్స్ పెట్టింది. విన్నాక అతను కూడా అన్నం మాట ఎత్తలేదు.

ఈలోగా మిర్యాలగూడ నుంచి గ్రూపులోకి సరోజన గొంతు వచ్చింది. కోడలు సరిత ఫోను పట్టుకుంటే ఆమె మాట్లాడినట్టుంది. "అప్పుడు గిట్లనే కబురు పంపిన అన్నది. ఇప్పుడు గిట్లనే సాక్ష్యం చెప్పిన అంటుంది. పైన సంగీతం పెట్టి కింద మాట కోయిచ్చింది. దాని కబురు ఎప్పటికీ దారిలనే ఉంటది."

అది వినగానే కృపారాణి సరోజనకు తనే ఫోను చేసి, అమ్మా, ఆమె చెప్పింది, నేను అక్కడే ఉన్నాను అని చెప్పింది.

"కోసిన చెయ్యి నీదే గద బిడ్డా. మల్ల నువ్వే సాక్ష్యమా?" అంది సరోజన.

"పోనీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండమ్మా, వినపడుతుంది."

"నా ఒక్క చెవుల వడితే ఏం లాభం? నా మీద మాట అందరి చెవుల వడ్డది."

అది న్యాయమే కదా. మళ్లీ ఒకసారి చెప్పించి తీద్దామంటే చంద్రమ్మ ఒప్పుకోలేదు. "సాక్ష్యం ఒక్కపారే బిడ్డా. రెండోపారి జెప్తే నాటకం అయితది" అంది.

ఇక్కడి నుంచి అందరూ డాక్టర్లే. కోదాడ వీడియోవాళ్లలో ఒకరు కెమెరా మార్చమన్నారు. ఇంకొకరు కెమెరాలన్నీ అమ్మేసి ఒక మంచి ఫోను కొనుక్కొమ్మన్నారు. చందు తన మిక్సర్ బంగారం అన్నాడు. పాస్టరు గారు తన కొత్త ఫోన్లో చూసి, "వినపడుతోంది కదమ్మా, కొంచెం దూరంగా" అన్నారు. ఆ ఫోనుకు కిందా పైనా రెండు స్పీకర్లు ఉన్నాయని అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు. మిగతా ఎవరి ఫోన్లోనూ వినపడనిది పాస్టరు గారి ఫోన్లో వినపడిందనేసరికి సంఘంలో ఇంకో మాట పుట్టింది. చంద్రమ్మ మనస్ఫూర్తిగా చెప్పలేదు కాబట్టి దేవుడే ఆమె మాటను తీసేశాడట. ప్రసంగం ఉండి, పాటలు ఉండి, ఆమె మాట ఒక్కటే పోవడం ఏమిటని కృపారాణినే నిలదీశారు. చంద్రమ్మ కూడా సగం నమ్మింది. పనికి పోవడం మానేసి ఇంట్లో కూర్చుంది.

కృపారాణి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయింది. కీబోర్డు తీసేసి చూసింది. వేరే యాప్‌లో కట్ చేసింది. కెమెరా కార్డులోంచి ముట్టుకోని అసలు వీడియోనే నేరుగా ఫోన్లోకి వేసి చూసింది. ఏం చేసినా అంతే. వైర్‌లెస్ మైకుతో తీసిన ప్రసంగం బాగుంది, వైరుతో తీసిన సాక్ష్యం పోయింది, కాబట్టి తప్పు వైరుదే అని గట్టిగా అనుకుని, దాన్ని తీసుకుని సూర్యాపేట వెళ్లింది. దుకాణంలో వైరును మీటరు మీద పెట్టి చూశారు. ఎక్కడా తెగలేదు, నిక్షేపంగా ఉంది. వైరు తెగితే గరగర రావాలి, లేదా అసలేం రాకూడదు. హెడ్‌ఫోన్స్‌లో అంత బాగా వచ్చి స్పీకర్లో రాకపోవడం అనే జబ్బు తామెప్పుడూ వినలేదన్నారు. పనిలో పనిగా ఒక కొత్త మైకు చూపించారు. జబ్బేమిటో తెలియకముందే మందు చేతిలో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆమెకూ మండింది, ఏమీ కొనకుండా బస్సెక్కింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తోచక మళ్లీ అదే వీడియో పెట్టుకుంది. ఈసారి చెవుల్లో ఉన్నవి బస్సు ప్రయాణాలకు వాడే పాత ఇయర్‌ఫోన్స్. దురాజ్‌పల్లి దాటాక కుడివైపుది గరగరమని ఆగిపోయింది. అన్నీ ఇప్పుడే పాడవ్వాలా అనుకుంటూ తీయబోయి ఆగింది. ఎడమ చెవిలో చంద్రమ్మ గొంతు మారిపోయింది. తల వెనక నుంచి కాదు, ఎదురుగా నిలబడి, నిండుగా మాట్లాడుతోంది. రెండు చెవులతో విన్నప్పుడు పలచగా ఉన్న మాట ఒక్క చెవితో విన్నప్పుడు బరువుగా ఎలా వస్తుంది? ఒకటి పోతే తగ్గాలి కదా, పెరగడమేమిటి? మునగాల వచ్చి పోయినా, బస్సు కోదాడలో ఆగినా ఆమెకు అదే ఆలోచన.

ఇంటికి రాగానే వీడియోలో కుడివైపు శబ్దాన్ని ఆపేసి, ఎడమదాన్ని ఒక్కదాన్నే ఉంచి, ఫోన్లోకి పంపి, స్పీకర్లో పెట్టింది. "మా అమ్మ సావుబతుకుల్ల ఉన్నప్పుడు" అని చంద్రమ్మ గొంతు గిర్ని చప్పుడులోంచి కూడా ఖంగుమని వచ్చింది. ఎడమది ఆపి కుడిది పెట్టింది. అదీ వచ్చింది. రెండూ కలిపి పెట్టింది. మాట లేదు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు తెరమీద శబ్దపు గీతలను పెద్దవి చేసి చూసింది. ఎడమ గీత పైకి లేచినచోటల్లా కుడి గీత అంతే కిందికి దిగి ఉంది. ఆ మిక్సర్ ఒకే మాటను రెండుగా పంపుతుందట, ఒకటి నేరుగా, ఒకటి తిరగేసి. ఆ రెంటినీ సరిగ్గా కలుపుకునే తీరు కెమెరాకు తెలియదు. దానికి వేరే రకం వైరు వాడాలి. ఆమె కొన్న వైరు చెడ్డది కాదు, ఈ పనికి పనికొచ్చేది కాదు, అంతే. హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులు వేరు కాబట్టి రెండు మాటలూ బతికాయి. మామూలు ఫోనుకు ఒకటే స్పీకరు. అందులో ఆ రెండూ కలిసేసరికి, తాడును రెండు వైపులా సమానంగా గుంజినట్టు అయి, మాట కదలలేదు. ఇదంతా ఆమె తర్వాత అడిగి తెలుసుకున్నదే. ఇప్పటికీ ఎవరికైనా చెప్పాలంటే రెండు చేతులూ గాల్లోకి లేపి, ఒకటి పైకి ఒకటి కిందికి ఆడిస్తూ చెబుతుంది, మధ్యలో తనే తికమక పడుతుంది.

ఎడమవైపు మాటనే రెండువైపులా పెట్టి, కీబోర్డు పూర్తిగా తీసేసి, వీడియో మళ్లీ సిద్ధం చేసింది. గ్రూపులో పెట్టింది. అంతటితో ఆమెకు నమ్మకం కుదరలేదు. ఈ కబురు కూడా దారిలో ఉండిపోతే ఎలాగని, మర్నాడు చంద్రమ్మను కోదాడ రమ్మని, ఇద్దరూ హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కారు. దారిపొడవునా చంద్రమ్మ ఒకటే అడిగింది. "మల్ల మాట రాకపోతే ఎట్ల బిడ్డా?" వస్తుందని కృపారాణి ప్రతిసారీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమెకూ భయమేసింది.

సరిత తలుపు తీసి, చంద్రమ్మను చూసి, ఏం చెయ్యాలో తెలియక అత్త వైపు చూసింది. మంచం మీద నుంచి సరోజన, "ఆమెను గాడనే ఉండుమను. ఆ పిల్లను రానియ్యి" అంది. చంద్రమ్మ గడప అవతల ఆగిపోయింది. కృపారాణి లోపలికి వెళ్లి నమస్కారం పెట్టి, వీడియో చూపిస్తానంది.

"ఇంట్ల ఫోన్ల గ్రూపు మోగుతనే ఉంది. నేను పెట్టనియ్యలే" అంది సరోజన. "పక్కపొంటి ఆడోళ్లను గూడ పిలువు సరితా. నేను ఒక్కదాన్నే ఇంటే మల్ల నాదే అబద్ధం అయితది."

ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. కృపారాణి సరిత ఫోనే అడిగి తీసుకుంది, తన ఫోనులో వినపడితే తన మాయ అనుకుంటారని. సౌండు పూర్తిగా పెంచి, మంచం మీద పెట్టి, వేలితో నొక్కింది.

మాట వచ్చింది. కబురు పంపలేదనీ, పంపినట్టు అబద్ధం చెప్పాననీ, అక్క తప్పేమీ లేదనీ చంద్రమ్మ గొంతు గదంతా వినపడింది. తర్వాత ఏడుపు, ఆ తర్వాత స్తోత్రం. ఆడవాళ్లలో ఒకామె, "అయ్యో సరోజనక్కా, గిదా సంగతి" అంది. సరోజన ఎవరి వైపూ చూడలేదు. మల్ల పెట్టమంది. మళ్లీ పెట్టారు. ఈసారి కళ్లు మూసుకుని విన్నది.

కృపారాణి తన పని అయిపోయిందనుకుంది. లేవాలో కూర్చోవాలో, చంద్రమ్మను లోపలికి పిలవాలో వద్దో ఆమెకు అర్థం కాలేదు. ఇంక అంతా బాగుపడినట్టేనా అని సరిత ముఖం చూసింది. సరిత కూడా ఆమె ముఖమే చూస్తోంది.

సరోజన కళ్లు తెరిచి గడప వైపు తిరిగింది. అన్నేళ్ల తర్వాత చెల్లెలితో మొదటి మాట మాట్లాడింది.

"అమ్మ ఆఖరికి నన్నడిగిందా?"

చంద్రమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఆ మాట సాక్ష్యంలో లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. "అడిగింది అక్కా. కండ్లు తెరిసినప్పుడల్లా అడిగింది. కబురు పంపిన, దారిల ఉన్నది, వస్తున్నదని జెప్పిన."

సరోజన పైకప్పు వైపు తిరిగింది.

"అయితే నేనొస్తున్న అనుకుంటనే పోయింది" అంది. "గా అబద్ధం ఒక్కటి మంచిగ జెప్పినవ్."